నేరపు మచ్చ – చట్టము చూపెడి దారులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు చేసిన సేవను నాకు ముందు మాటలాడిన పెద్దలు తగిన రీతిని కొనియాడిరి. నేను న్యాయవాద వృత్తిలోనున్నవాడను. కావున ఆ వృత్తికి సంబంధించినదియు, మీలో అనేకుల యిండ్లకు పనికివచ్చునదియునగు విషయము నొకదానిని విన్నవించుట యుచితమని తలంచితిని.

గ్రామములనుండి వచ్చువారు న్యాయవాదులను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మావాడి మీద ఎప్పుడో ఒక కేసు పడిందండీ. ఇప్పుడు ఉద్యోగానికి అడ్డం వస్తోంది. ఆ పేరు కొట్టేయించే దారి ఏదైనా ఉందా?" అని. ఆ కేసు గట్టు తగాదాలో చేయిచేసికొన్నది కావచ్చును; తిరునాళ్ళలో జరిగిన కొట్లాట కావచ్చును; పండుగనాడు పేకాటలో పట్టుబడినది కావచ్చును. ఇరువదియేండ్ల వయస్సున ఒక గడియలో జరిగిన పని ముప్పది యేండ్ల వయస్సువరకు వెంటనంటి వచ్చుచున్నది.

దీనికి సమాధానమును దాపరికము లేకుండ చెప్పెదను. ఒకసారి దోషియని తీర్పు పొందినవాని పేరును కొంతకాలమునకు పుస్తకములనుండి తుడిచివేయుడని చెప్పెడి సాధారణ చట్టము మన దేశమున లేదు. ఇంగ్లండులో 1974వ సంవత్సరమున అట్టి చట్టము నొకదానిని చేసిరి. చిన్న శిక్షలు కొన్ని యేండ్లు గడచినపిమ్మట చెల్లిపోయినట్లు భావింపబడును. మనకట్టిది లేదు. అయినను నిరాశపడవలసిన పని లేదు. కేసు నడచెడి ప్రతి దశయందును ఒక ద్వారము కలదు. ఆ దశ దాటినచో ఆ ద్వారము మూసికొనును. ఏ ద్వారము ఎప్పుడు తెఱచియుండునో తెలిసికొనుటయే ముఖ్యము. ఈనాటి నా మాటల సారమంతయు నిదియే.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. నిందితుడు వేఱు, దోషి వేఱు. పోలీసుస్టేషనులో ప్రథమ సమాచార నివేదిక, అనగా మీరు ఎఫ్.ఐ.ఆర్. అని పిలుచునది, నమోదైనంత మాత్రమున ఎవడును దోషి కాడు. న్యాయస్థానము విచారించి తీర్పు చెప్పినప్పుడే దోషి యగును. కాని కాగితము మాత్రము మొదటి దినమునుండియే పుట్టుచున్నది. పోలీసువారి పుస్తకములలో నొకటి, న్యాయస్థానపు దస్త్రములలో నొకటి, వ్రేలిముద్రల నిలయములో నొకటి – ఇట్లు మూడుచోట్ల మనిషి పేరుండును. ఒకచోట కేసు ముగిసినంత మాత్రమున తక్కిన రెండుచోట్లను దానంతటది మాయము కాదు.

ఇంకొక మాట. 2024 జులై 1వ తేదీనుండి భారత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహితయు, క్రిమినల్ ప్రొసీజరు కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహితయు అమలులోనికి వచ్చినవి. ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు శిక్ష పాత స్మృతి ననుసరించియే యుండును. నేను చెప్పెడి సెక్షనులు క్రొత్త సురక్షా సంహితలోనివి.

ఇక మొదటి దశ. కేసు నమోదై, అభియోగపత్రము ఇంకను దాఖలు కాలేదనుకొందము. ఫిర్యాదు అబద్ధమైనచో గాని, చెప్పిన సంగతులన్నియు నిజమేయైనను అవి నేరము కానిచో గాని, హైకోర్టుకు పోయి 528వ సెక్షను క్రింద కేసును కొట్టివేయుడని కోరవచ్చును. పాత కోడులో నిది 482వ సెక్షను. అభియోగపత్రము దాఖలైన పిమ్మటను ఈ మార్గము కలదు. ఇరుపక్షములవారును నిజముగా సమాధానపడినచో, చట్టము రాజీకి వీలులేదనిన కొన్ని కేసులను సైతము హైకోర్టు ఈ అధికారముచేత కొట్టివేయవచ్చునని సుప్రీంకోర్టు 2012లో స్పష్టపఱచినది. అయితే హత్య, మానభంగము, బందిపోటు వంటి ఘోరనేరములు రాజీచేత కొట్టివేయదగినవి కావని ఆ తీర్పే చెప్పినది. ఇంతేకాక, ప్రభుత్వ న్యాయవాది న్యాయస్థానపు అనుమతితో 360వ సెక్షను క్రింద కేసును ఉపసంహరించుకొనవచ్చును. కాని ఇది నిందితుడు హక్కుగా అడుగదగినది కాదు.

రెండవ దశ విచారణ. ఇచ్చట 359వ సెక్షను అత్యంతముఖ్యము. అల్పమైన గాయములు, అడ్డగించుట, ఇతరుల స్థలములోనికి అక్రమముగా ప్రవేశించుట మొదలగు కొన్ని నేరములలో బాధితుడే నిందితునితో రాజీపడవచ్చును. తీవ్రమైన గాయము మొదలగు మఱికొన్నింటిలో న్యాయస్థానపు అనుమతి కావలెను. రాజీ నమోదైనచో దాని ఫలితము నిర్దోషిగా విడుదల యగుటయే. చట్టము ఈ మాటను స్పష్టముగా చెప్పుచున్నది. రాజీకి వీలైన ఇట్టి కేసులు లోక్ అదాలతులో పైసా ఖర్చు లేకుండ పరిష్కారము కాగలవు.

ఇచ్చట మీరు జాగరూకతతో వినవలసిన మాట యొకటి కలదు. మన పల్లెలలో అనేకులు "జరిమానా కట్టి కేసు కొట్టేయించుకున్నాం" అని చెప్పుకొందురు. అది పొరపాటు. నేరము నొప్పుకొని జరిమానా కట్టినచో కేసు కొట్టివేయబడినది కాదు; దోషియని తీర్పు వచ్చినది. జరిమానా నూరు రూపాయలే కావచ్చును. కాని పదేండ్ల తరువాత ఉద్యోగపు దరఖాస్తులో "మీరెప్పుడైనను శిక్షింపబడితిరా, జరిమానా విధింపబడినదా" యని అడిగినప్పుడు అవుననియే వ్రాయవలసియుండును. పైగా నేరము నొప్పుకొన్నవానికి అప్పీలు మిక్కిలి సంకుచితము. 416వ సెక్షను ప్రకారము శిక్ష యెక్కువయనియో, చట్టవిరుద్ధమనియో తప్ప, నేను దోషిని కానని అప్పీలు చేయుటకు వీలులేదు. హైకోర్టు నేరము నొప్పుకొన్నవానిని శిక్షించినచో ఆ మాత్రము అప్పీలును లేదు. వాయిదాలకు తిరుగలేక, కూలి పోవునని భయపడి, ఒక పూటలో తేల్చుకొనవలెనను తొందరచే యువకులు ఈ గోతిలో పడుచున్నారు. లోక్ అదాలతునాడు ముగిసిన కేసు రాజీవలన ముగిసినదా, నేరాంగీకారమువలన ముగిసినదా యను సంగతిని ఆ ఉత్తర్వు చదివి తెలిసికొనుడు. వ్రేలిముద్ర వేయుటకు ముందే చదివించుకొనుట మఱింత మేలు.

శిక్షను తగ్గించుకొనుటకు నేరాంగీకార ఒప్పందమను మఱియొక పద్ధతి 2006 నుండి మన చట్టములో కలదు. ఏడేండ్లకు మించని శిక్ష గల నేరములకు, కొన్ని మినహాయింపులతో, ఇది వర్తించును. క్రొత్త సంహిత ప్రకారము అభియోగము మోపిన 30 దినములలో దరఖాస్తు చేయవలెను. శిక్ష తగ్గును గాని మచ్చ తగ్గదు. దోషియను తీర్పు అట్లే నిలిచియుండును.

మూడవ దశ తీర్పు. నేరము రుజువైనది, ఇక దారిలేదని అనేకులు తలంచెదరు. కాని దోషియైనవానిని జైలుకు పంపక బాగుపడుటకు అవకాశమిచ్చెడి చట్టము 1958లోనే వచ్చినది. దానిని ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టు అందురు. దొంగతనము మొదలగు కొన్ని నేరములలోను, రెండేండ్లకు మించని శిక్ష గల నేరములలోను, మునుపు శిక్షపడని వానిని 3వ సెక్షను క్రింద మందలించి విడిచిపెట్టవచ్చును. మరణశిక్షగాని యావజ్జీవ శిక్షగాని లేని నేరములలో 4వ సెక్షను క్రింద మూడేండ్లకు మించని కాలమునకు సత్ప్రవర్తన పత్రము వ్రాయించుకొని విడుదల చేయవచ్చును. యావజ్జీవ శిక్ష లేని నేరములలో ఇరువదియొక్క సంవత్సరములు నిండని వానిని జైలుకు పంపవలెనన్నచో న్యాయాధిపతి ప్రొబేషన్ అధికారి నివేదికను తెప్పించుకొని, ఏల పంపవలసివచ్చినదో కారణములు వ్రాయవలెనని 6వ సెక్షను చెప్పుచున్నది.

అన్నింటికంటె విలువైనది 12వ సెక్షను. ప్రొబేషన్ క్రింద విడుదలైనవానికి, ఆ నేరనిర్ణయమువలన ఏ చట్టము క్రిందనైనను కలుగు అనర్హత అంటదని అది చెప్పుచున్నది. అయితే దీనికొక హద్దు కలదు. ఈ సెక్షను అనర్హతను తొలగించును గాని నేరనిర్ణయమును తుడిచివేయదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పినది. కావున ప్రభుత్వోద్యోగి ప్రొబేషన్ పొందినను, అతని నడవడినిబట్టి శాఖ చర్య తీసికొనవచ్చును. షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము క్రింది నేరములకు పదునెనిమిదేండ్లు దాటినవారికి ఈ మేలు వర్తింపదు. మాదకద్రవ్యముల కేసులలోను అది చాలవఱకు లేదు.

ఈ చట్టమున్నదని వకీలు గుర్తుచేయనిచో న్యాయస్థానమున ఆ మాట రాకనే పోవచ్చును. తీర్పునాడు "అయ్యా, మావానికి ప్రొబేషన్ ఇప్పింపుడు" అని కుటుంబమువారే వకీలును అడుగవలెను. క్రింది కోర్టులో అడుగక పోయినచో అప్పీలు కోర్టులో అడుగవచ్చును. 11వ సెక్షను దానికి వీలిచ్చినది. క్రొత్త న్యాయ సంహితలో నింకొక వెసులుబాటు కలదు. అయిదువేల రూపాయలకు తక్కువ విలువగల వస్తువును దొంగిలించి మొదటిసారి శిక్షపడినవాడు, ఆ వస్తువును గాని దాని విలువను గాని తిరిగి యిచ్చినచో, జైలునకు బదులు సమాజసేవ చేయవలసియుండును.

నాలుగవ దశ అప్పీలు. గడువు దినములలో లెక్కింపబడును. హైకోర్టుకు 60 దినములు, ఇతర కోర్టులకు 30 దినములు. గడువు దాటినచో తగిన కారణము చూపి ఆలస్యమును మన్నింపుడని కోరవచ్చును. అప్పీలులో గెలిచినవాని విషయమున మొదటి తీర్పు నిలువదు. అప్పీలు తేలువరకు శిక్షను నిలుపుటకు 430వ సెక్షను కలదు. శిక్ష నిలుపుట వేఱు, నేరనిర్ణయమునే నిలుపుట వేఱు. రెండవది కూడ సాధ్యమేయని సుప్రీంకోర్టు 1995లో చెప్పినది. కాని అది అసాధారణ పరిస్థితులలోనే లభించును. దానిని ప్రత్యేకముగా కోరి, అది లేనిచో కలుగు నష్టమును వివరింపవలెను. రాజ్యాంగపు 72వ అధికరణము క్రింద రాష్ట్రపతికిని, 161వ అధికరణము క్రింద గవర్నరుకును క్షమాభిక్షాధికారము కలదు. శిక్షాకాలమును తగ్గించినంత మాత్రమున నేరనిర్ణయము పోదను సంగతిని ఇచ్చటను మఱువరాదు.

పిల్లల విషయమున మాత్రము మన చట్టము నిజముగా మచ్చను తుడుచుచున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టము, పదునెనిమిదేండ్లు నిండని వానికి క్రొత్తజీవితమును ప్రసాదింపవలెనను సూత్రముపై నిలిచినది. నేరము జరిగిన నాటి వయస్సే లెక్క. ఆ చట్టము క్రింద విచారింపబడిన బాలునికి ఏ అనర్హతయు అంటదనియు, అప్పీలు గడువు ముగిసిన పిమ్మట ఆ దస్త్రములను ధ్వంసము చేయవలెననియు 24వ సెక్షను చెప్పుచున్నది. పదునాఱేండ్లు నిండి, ఘోరనేరము చేసి, బాలల న్యాయస్థానముచే పెద్దవానివలె విచారింపబడి దోషియని తేలినవాడు మాత్రము దీనికి మినహాయింపు. ముగిసిన బాలుని కేసును గూర్చి నడవడి ధ్రువపత్రమునకై సైతము పోలీసులు వెల్లడింపరాదని 74వ సెక్షను చెప్పుచున్నది. నేరమునాటికి నేను బాలుడనను వాదమును ఏ న్యాయస్థానములోనైనను, ఏ దశలోనైనను, కేసు తేలిపోయిన పిమ్మటను తేవచ్చును. కావున పాత కేసు గలవారు తమ పాఠశాల ధ్రువపత్రములోని పుట్టినతేదీని ఒక్కసారి చూచుకొనుడు.

ఇక కేసు ముగిసిన పిమ్మటి సంగతి. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టము వ్రేలిముద్రలు మొదలగు కొలతలను 75 సంవత్సరములు భద్రపఱచుటకు వీలిచ్చినది. కాని మునుపు శిక్షపడనివాడు విచారణ లేకుండ విడుదలయైనను, నిర్దోషియని తేలినను, అప్పీళ్ళన్నియు ముగిసిన పిమ్మట ఆ కొలతలను ధ్వంసము చేయవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. మేజిస్ట్రేటుగాని కోర్టుగాని కారణములు వ్రాసి వేఱుగా ఆదేశించినచో మాత్రము అవి నిలుచును. కావున విడుదలైనవాడు ఇంటికి పోయి ఊరకుండరాదు. తీర్పు ధ్రువప్రతిని తీసికొని, దానితో పోలీసుస్టేషనునకును, జిల్లా పోలీసు కార్యాలయమునకును దరఖాస్తు పెట్టి, తమ పుస్తకములలో కేసు ముగిసినట్లు నమోదు చేయించుకొనవలెను. దరఖాస్తు అందినట్లు రసీదు తీసికొనవలెను. ఎప్పుడో కొట్టివేయబడిన కేసు కంప్యూటరులో ఇంకను నడుచుచున్నట్లే కనబడుటచే ఉద్యోగము నిలిచిపోయినవారు కలరు.

రౌడీషీటు, అనుమానితుల షీటు అనునవి కోర్టు తీర్పులు కావు; పోలీసువారు నిఘాకొఱకు తెఱచునవి. అకారణముగా కొనసాగుచున్నచో మొదట జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు విజ్ఞాపన పంపుకొని, ఫలితము లేనిచో రాజ్యాంగపు 226వ అధికరణము క్రింద హైకోర్టును ఆశ్రయింపవచ్చును.

ఉద్యోగమును, విదేశయానమును గూర్చి రెండు మాటలు. దరఖాస్తులో అడిగిన సంగతిని దాచరాదు. కేసుకంటె కేసును దాచుటయే అనేకుల ఉద్యోగములను పోగొట్టినది. 2016 జులై 21న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనము ఈ విషయమున సూత్రములను ఏర్పఱచినది. అభ్యర్థి నిజమును చెప్పవలెను. చిన్నవయస్సున నినాదములు చేయుట వంటి అల్పవిషయమైనచో దాచినను యజమాని మన్నింపవచ్చును. స్పష్టముగా అడిగిన దానినే చెప్పవలసియుండును. నిజము చెప్పినను పూర్వచరిత్రను పరిశీలించెడి హక్కు యజమానికి ఉండును. పోలీసు ఉద్యోగమునకు, రాజీచేత నిర్దోషియైనంత మాత్రమున అర్హత దానంతటది రాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పినదికూడ గుర్తుంచుకొనుడు.

పాస్‌పోర్టు విషయమున కాలమే కొంత మేలుచేయును. 1967 నాటి చట్టము ప్రకారము, నైతికపతనముతో కూడిన నేరమునకు రెండేండ్లకు తక్కువకాని జైలుశిక్ష, దరఖాస్తుకు ముందు అయిదేండ్లలోపల పడియున్నప్పుడే ఆ నిబంధన క్రింద నిరాకరింతురు. కోర్టులో కేసు నడుచుచున్నచో, ఆ కోర్టు అనుమతిని పొంది పాస్‌పోర్టు తీసికొనుటకు 1993 నాటి ప్రకటన వీలిచ్చినది. అమెరికా వీసాకు పోవువారు మాత్రము ఒక సంగతి తెలిసికొనవలెను. క్షమాభిక్ష పొందిన నేరమును సైతము, అరెస్టును సైతము చెప్పుమని ఆ దరఖాస్తు అడుగుచున్నది. ఇచ్చట తొలగిన అనర్హత అచ్చట తొలగినట్లు భావింపరాదు.

ఇంతవఱకు కాగితముపై మచ్చను గూర్చి చెప్పితిని. నోటిమాటపై మచ్చ యింకొకటి కలదు. దానికి కోర్టు లేదు. ఆంగ్లేయ ప్రభుత్వము 1871లో నేరస్థ తెగల చట్టమును చేసి, కొన్ని తెగలలో పుట్టుటయే నేరమన్నట్లు వ్రాసినది. మన బాపట్ల సమీపమునగల స్టూవర్టుపురము ఆ విధానమునుండి పుట్టిన కాలనీయే. దేశమంతటను ఆ చట్టము 1952లో రద్దయినది. అయినను స్టూవర్టుపురమను పేరు వినగానే దొంగలను తలంచెడి అలవాటు చట్టము పోయినంత వేగముగా పోలేదు. జైళ్ళలోని ఖైదీల రిజిస్టర్లలో కులపు గడిని తొలగింపుడని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న ఆదేశింపవలసివచ్చినది. చట్టము విడిచిన మచ్చను మనము పట్టుకొని వ్రేలాడరాదు. శిక్ష ననుభవించి వచ్చినవానికి పొలముపని నిచ్చువారు, పిల్లనిచ్చువారు, "వాడు పాతకేసువాడు" అను మాటను నాలుకపైకి రానీయనివారు గ్రామమున ఉన్నప్పుడే పైన చెప్పిన సెక్షనులకు ఫలమున్నది. బాధితుని నష్టమును పూడ్చి, మన్నింపు వేడుకొనుట మాత్రము ఆ మనిషి మొదటి విధి.

చివరకు ఈ గ్రంథాలయమునకు ఒక మనవి. ప్రొబేషన్ చట్టము, బాలల న్యాయ చట్టము, క్రొత్త సంహితలు తెలుగు ప్రతులు సంపాదించి ఒక అరలో నుంచుడు. ఉచిత న్యాయసహాయమును గూర్చిన కాగితమును గోడపై నంటింపుడు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, వికలాంగులకు, నిర్బంధములోనున్నవారికి, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి ప్రభుత్వ ఖర్చుపై వకీలు లభించును. 15100 అను నంబరునకు ఫోను చేసినను, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు పోయినను చాలును. సమన్లు అందినవాడు కోర్టుమెట్లు ఎక్కుటకు ముందు ఈ అర దగ్గఱకు వచ్చి ఒక్క గంట కూర్చుండినచో, అజ్ఞానముచే పడెడి మచ్చలలో చాలవఱకు పడకయే పోవును.